చెవితో చదివిన పేజీలు

"టీ వద్దు. నా కొడుకు పేరు నాకు తెచ్చిపెట్టండి, అప్పుడు తాగుతాను."

పొద్దుటి నుంచి ఖద్దూజ్ వదిన ఆ మాట అనడం అది నాలుగోసారి. బట్టల మూట పక్కన పెట్టుకుని, చెప్పులైనా విప్పకుండా మా వాకిట్లో కూర్చుంది. నేను పోసిచ్చిన గ్లాసులో పుదీనా ఆకులు నల్లబడిపోయాయి.

మా ఆయన ఆవిడ ఎదురుగానే పీట మీద కూర్చుని, గోళ్ళలో ఇరుక్కున్న గచ్చుపొడి పుల్లతో తీసుకుంటున్నాడు. మా ఫెజ్ పట్నం పాత ఊళ్ళో గచ్చు పలకల మీద అక్షరాలు చెక్కే గురువుని మాలెం అంటారు, వాళ్ళల్లో మాలెం బూశ్తా అంటే పెద్ద పేరు. అంత పేరున్న మనిషి అక్కగారి ముందు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటే నాకు ఒళ్ళు మండింది.

"పేరు ఎక్కడికి పోయిందక్కా? అల్లాల్ అల్లాల్‌గానే ఉన్నాడు కదా."

"ఎక్కడున్నాడ్రా? సిమెంటు కొట్లో మూటలు మోస్తున్నాడు! పదకొండేళ్ళు నీ దగ్గర ఉలి పట్టిన చేతులవి. ఏ మాలెం దగ్గరికి పనికి వెళ్ళినా 'ఓహో, శత్రువుకి విందు పెట్టింది నువ్వేనా' అని నవ్వి పంపించేస్తున్నారు. నిన్న చేపల సందులో ఎవడో ముక్కూమొహం తెలియనివాడు నన్నే అడిగాడు, ఆ తెలివైనవాడు మీ అబ్బాయేనా అని!"

"నవ్వేవాళ్ళు నాలుగు రోజులు నవ్వి ఊరుకుంటారు."

"అయిదు నెలలయిందిరా ఆ నాలుగు రోజులు!"

ఆయన పుల్ల పక్కన పెట్టాడు. నేను గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను. నిజం తెలిసిన నాలాంటిదానికి ఆవిడ కళ్ళలోకి చూడడం కష్టం.

మక్కా వెళ్ళొచ్చిన పెద్దమనిషి హాజ్ తిహామీ కొత్త ఇంటి నడవలో జరిగిన తమాషా ఊరంతటికీ తెలుసు. గుమ్మంలోంచి రాగానే కనబడేలా గోడ మీద నాలుగు పలకలు పెట్టాలన్నాడు హాజ్. 'ఈ ఇంటికి వచ్చిన అతిథి' ఒకటోది, 'కడుపు నిండి వెళతాడు' రెండోది. 'ఈ ఇంటికి వచ్చిన శత్రువు' మూడోది, 'ఉత్త చేతులతో వెళతాడు' నాలుగోది. రెండోదీ నాలుగోదీ తారుమారయ్యాయి. ఇల్లు తెరిచిన విందు రోజున వందమంది గుమ్మంలోనే నిలబడి చదివారు. అతిథి ఉత్త చేతులతో పోయాడు, శత్రువుకి కడుపు నిండింది. ఒకాయన నవ్వలేక గోడ పట్టుకుని కూర్చుండిపోయాడట.

ఆ నవ్వుల మధ్య మా ఆయన తల తిప్పి మేనల్లుడి వైపు చూశాడు. చూశాడంతే. "తప్పు నాదే హాజ్" అన్నాడు అల్లాల్. మా ఆయన నోరు విప్పలేదు.

అల్లాల్ ఆ పలకలు ఎక్కించిన రోజున ఊళ్ళోనే లేడు, గచ్చు రాయి కొనడానికి వెళ్ళాడు. ఎక్కించింది మా ఆయన. నలభై ఏళ్ళుగా అక్షరాలు చెక్కుతున్న మా ఆయనకి చదవడం రాదు. చదివేవాడు రాసిన కాగితానికి సూదితో చిల్లులు పొడిచి, బొగ్గుపొడి మూట అద్దితే పలక మీద చుక్కలు పడతాయి. ఆ చుక్కల వెంట ఉలి నడపడమే ఆయన పని, అందులో ఆయన్ని మించినవాడు లేడు. వరుస చూసుకోవడం మాత్రం ఈ పదకొండేళ్ళూ అల్లాల్ చేసేవాడు. ఆ రోజు అల్లాల్ లేడు కాబట్టి ఈయనగారు కంటికి ఇంపుగా ఉన్నట్టు పెట్టేశాడు. నిలువు గీతలు ఎదురెదురుగా భలే కుదిరాయట! ఆ సంగతి నాతో చెప్పేటప్పుడు కూడా ఆయన గొంతులో కాస్త మురిపెం ఉంది.

ఈ నిజం తెలిసినవాళ్ళం ముగ్గురమే. నేనూ, ఆయనా, అల్లాల్.

వంటింట్లోంచి వింటున్నాను. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"నెల రోజులాగక్కా. ఆ గోడకి కొత్త పలకలు నేనే చేస్తున్నాను. హాజ్ ఒక షరతు పెట్టాడు. ఎక్కించే ముందు అందరి ఎదురుగా నేనే నోటితో చదివి వినిపించాలి. చదువుతానన్నాను. ఆ రోజు అల్లాల్ మాట కూడా తేల్చేస్తాను."

"ఏం తేలుస్తావు?"

"ఆ రోజే విను."

ఖద్దూజ్ వదిన చెప్పులు విప్పింది. "సరే. నెల రోజులూ ఇక్కడే ఉంటాను. తామూ, పై గది ఊడ్చి ఉందా?"

ఊడ్చి ఉందని ఒప్పుకోక తప్పలేదు. మేం చదువుకునే చోటు ఆ గది పక్కనే.

*

చదువు ఎప్పుడు మొదలైందో చెప్పాలి. విందు జరిగిన మర్నాడు ఆయన పని మానేసి ఇంట్లో కూర్చున్నాడు. మధ్యాహ్నం దాటాక అసర్ నమాజు చేసుకుని నా దగ్గరికి వచ్చాడు.

"నువ్వు మసీదులో ఆడవాళ్ళ తరగతికి మూడేళ్ళు వెళ్ళావు కదా. ఆ చదువు నాకు చెప్పు. రోజుకో పేజీ. అసర్ తర్వాత, టీకి ముందు. ఒక్క రోజు తప్పినా ఆ రోజు నాకు టీ ఇవ్వకు."

టీ లేకపోతే ఆయన మనిషే కాడు. అందుకే నమ్మాను. పక్కింటివాళ్ళ పిల్ల పాత మూడో తరగతి పుస్తకం అడిగి తెచ్చాను. మేడ మీద బట్టలు ఆరేసే చోట చాప వేసుకుని కూర్చునేవాళ్ళం. ముందు నేను పేజీ మొత్తం చదివేదాన్ని, తర్వాత ఆయన వేలు పెట్టి చదివేవాడు. అయిదు నెలల్లో ఒక్క రోజూ మానలేదు. మొదట తడబడ్డా రాను రాను నీళ్ళు తాగినట్టు చదివేస్తుంటే నేను మురిసిపోయాను. నా అంత గురువు లేదనుకున్నాను. ఆ పొగరు నాకు ఉండేది, దాచడమెందుకు?

వదిన వచ్చిన ఆ రోజే మధ్యాహ్నం, ఆవిడ కింద కునుకు తీస్తుంటే మేం మేడెక్కాం. కుందేలు బావిలోకి తొంగి చూసే పాఠం. నేను చదివాను, ఆయన అందుకున్నాడు. ఇంతలో గాలి రేగింది. తీగ మీది దుప్పటి ఎగిరిపోబోతే పట్టుకుని క్లిప్పు పెట్టి వచ్చాను. గాలికి పుస్తకంలో పేజీ కూడా తిరిగిపోయింది. ఆయన చూసుకోలేదు.

"కుందేలు బావి గట్టు మీద ముందు కాళ్ళు ఆనించి లోపలికి చూసింది" అంటున్నాడు, వేలు చక్కగా పంక్తి మీద జరుపుతూ.

వేలు కింద రైలు స్టేషను బొమ్మ ఉంది.

"ఏం చదువుతున్నావు?"

"కనబడటం లేదా? కుందేలు."

"ఆ పేజీలో కుందేలెక్కడుంది? సరిగా చూడు."

చూశాడు. పేజీ వెనక్కి తిప్పాడు, ముందుకి తిప్పాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఇది చదువు" అని రైలు పాఠం మీద వేలు పెట్టాను. "నేనింకా చదవనిది. ఊఁ, కానీ."

మొదటి మాట దగ్గరే ఆగిపోయాడు. ఒక అక్షరం పోల్చుకున్నాడు, ఇంకోటి పోల్చుకున్నాడు, రెండూ కలపలేకపోయాడు. పుస్తకం లాక్కున్నాను.

"అయిదు నెలలు! అయిదు నెలలుగా నన్ను వెర్రిదాన్ని చేశావా?"

"నిన్నెందుకు చేస్తాను తామూ? చదవడమంటే ఇదే అనుకున్నాను."

"అప్పజెప్పడాన్ని చదవడం అంటారా ఎక్కడైనా?"

"మా చిన్నప్పుడు బడిలో అదే చదువు. ఆరేళ్ళు కూర్చున్నాను. పంతులు అనేవాడు, మేం అనేవాళ్ళం. చెక్క పలక మీద రాసి ఉండేది, దాన్ని చూస్తూ ఊగుతూ అనడమే. అయిపోయాక పలక కడిగేసేవాళ్ళం. ఒక్కసారి వింటే నాకు పట్టుబడేది, అందరికంటే తక్కువ దెబ్బలు తిన్నది నేనే. నువ్వు చదువుతుంటే ఆ మాటలన్నీ చెవిలోకి వచ్చి కూర్చుంటాయి. కళ్ళు పేజీ మీద ఉంటాయి కాబట్టి కళ్ళే చదువుతున్నాయనుకున్నాను."

అబద్ధం కాదని ఆయన మొహం చూస్తే తెలుస్తూనే ఉంది. అయినా నా కోపం చల్లారలేదు. ఆయన మీద ఎంతో, నా మీద అంత. పుస్తకం చంకలో పెట్టుకుని చరచరా కిందికి దిగిపోయాను. ఆ రోజు టీ కాచలేదు. ఆయన అడగనూలేదు.

రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. "ఏమైందే మీకు? నేనొచ్చి కూర్చున్నందుకా ఈ మూతి విరుపులు?" అంటుంది వదిన. కాదంటే ఎందుకో చెప్పాలి. అంట్లు తోముకోవడానికి పోయాను.

మూడో రోజు అసర్ అయ్యాక ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో పంచదార దిమ్మకి చుట్టిన నీలం కాగితం ఉంది, విప్పి, దాని ముడతలు అరచేత్తో సాపు చేస్తున్నాడు.

"దీన్ని నువ్వు ఎప్పుడూ నాకు చదివి వినిపించలేదు కదా?"

"లేదు."

"అయితే పట్టు. ఇకనుంచి నువ్వు ముందు చదవద్దు. కథల పుస్తకం వద్దు. నేను వినని కాగితం ఏదైనా సరే, రోజుకి అయిదు పంక్తులు చాలు. తప్పు చదివితే 'ఊహూఁ' అను. అంతకు మించి ఒక్క ముక్క అందించావంటే నీ మీద ఒట్టే."

"నా మీద ఒట్టు నువ్వెందుకు పెట్టుకుంటావు? నీ మీదే పెట్టుకో."

నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది కానీ అటు తిరిగి నవ్వాను.

*

పంచదార కాగితం నాలుగు రోజులు పట్టింది. తర్వాత నా మోకాళ్ళ మందు డబ్బాలో కాగితం, ఆ తర్వాత కరెంటు బిల్లు వెనక వైపు, దర్జీ ఇచ్చిన చీటీ, చిరిగిన పేపరు ముక్క. ఒక మాట కూడబలుక్కునేసరికి నుదుట చెమట పట్టేది. నలభై ఏళ్ళు చెక్కిన అక్షరాలే అవి, వాటి వంపు ప్రతిదీ ఆయన చేతికి తెలుసు. నోటికే తెలియదు. వేలితో గాల్లో గీసుకుంటే గుర్తుపట్టేవాడు, అలా గీసుకుంటూనే అక్షరానికి అక్షరం జతచేసేవాడు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం మందు కాగితంతో కుస్తీ పడుతున్నాడు.

"భో... భోజ... భోజనం... త... తర..."

"ఊహూఁ."

"భోజనా... నికి. భోజనానికి ముందు!"

తీగ మీది దుప్పటి పక్కకి జరిగింది. వెనక ఖద్దూజ్ వదిన నిలబడి ఉంది. ఆరిన బట్టలు చేతిలో అలాగే ఉన్నాయి. ఎప్పటి నుంచి వింటోందో ఏమో.

ఆవిడ వచ్చి చాప మీద మా ఇద్దరి మధ్య కూర్చుంది.

"నీకు చదవడం రాదు."

"ఇప్పుడిప్పుడే వస్తోందక్కా."

"ఆ రోజు హాజ్ ఇంట్లో పలకలు పెట్టింది ఎవరు?"

ఆయన కాగితాన్ని మడిచాడు, మళ్ళీ విప్పాడు.

"నేనే."

వదిన చెయ్యెత్తింది. కొడుతుందనుకున్నాను. ఆ చెయ్యి తన నోటి మీదే పెట్టుకుని ఊగిపోయింది. కళ్ళ నీళ్ళు గడ్డం దాకా కారాయి.

"నా కొడుకు నీకోసం నోరు మూసుకున్నాడురా. నువ్వు నీకోసం మూసుకున్నావు."

"అవును."

"అవునా? అంత తేలిగ్గా అవునంటున్నావా? ఇప్పుడే దిగి వెళ్ళి ఈ సందులో ప్రతి గుమ్మం ముందూ నిలబడి చెబుతాను!"

"చెప్పక్కా. నేను ఆపను. ఆపే మొహం నాకు లేదు." కాగితం చాప మీద పెట్టాడు. "కానీ నువ్వు చెబితే తమ్ముణ్ణి తిట్టి కొడుకుని వెనకేసుకొచ్చావంటారు. సగంమంది నమ్మరు. నేనే, ఆ నడవలోనే, ఆ జనం ముందే చెప్పాలి. ఉత్తగా చెప్పినా లాభం లేదు. పలకలు చదివి మరీ చెప్పాలి. ఇంకా ఇరవై రోజులుంది. నేను చదువుతాను."

"చదవలేకపోతే?"

"చదువుతాను."

ఆవిడ ముక్కు చీదింది. తర్వాత నా వైపు తిరిగి కసురుకుంది.

"ఏమే, గురువమ్మా, ఊరుకున్నావేం? అయిదు పంక్తులన్నారుగా, మూడే అయ్యాయి. చదివించు!"

ఆ రోజు నుంచి అసర్ బాంగు వినబడగానే వదినే చాప పరిచేది. ఆవిడకీ అక్షరం ముక్క రాదు, కానీ పంక్తులు వేళ్ళ మీద లెక్కపెట్టేది. ఒక రోజు ఈయనకి జ్వరం వచ్చింది. "ఇవాళ్టికి వదిలెయ్యక్కా" అని మూలిగాడు. "నా కొడుకు జ్వరంలోనే నిన్న పాతిక మూటలు మోశాడు, లే" అంది. లేచాడు. దుప్పటి కప్పుకునే దర్జీ చీటీ చదివాడు.

పద్దెనిమిదో రోజున ఇంకో వింత జరిగింది. బజారు సందులో నాతో నడుస్తున్నవాడు చటుక్కున ఆగిపోయాడు. వెనకాల తోళ్ళ మూటలతో వస్తున్న కంచరగాడిద ఆయన వీపుకి వచ్చి గుద్దుకుంది.

"తప్పుకో మామా! దారి మధ్యలో నిద్రా?" అని గాడిద వాడు అరిచాడు.

మా ఆయన ఒక కొట్టు పైన బోర్డుకేసి చూస్తున్నాడు. "మంగలి" అన్నాడు. "మంగలి... ఇద్రీస్... అండ్ కుమారులు! తామూ, నలభై ఏళ్ళుగా ఇక్కడే క్షవరం చేయించుకుంటున్నాను. వాడికి కొడుకులున్నారని నాతో చెప్పనేలేదు!"

గాడిద వాడు నవ్వాడు, నేనూ నవ్వాను. నడి బజారులో, అందరి ముందూ, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వాను.

*

ఆ సంబరం ఇంటికి వచ్చేసరికి ఆవిరైంది. హాజ్ తిహామీ మనిషి, చెక్కాల్సిన మాటలు రాసిన అచ్చు కాగితాల చుట్ట ఇచ్చి వెళ్ళాడని వదిన చెప్పింది.

"పాత మాటలు ఊళ్ళో నవ్వులపాలయ్యాయి కదా, అవి ఇక వద్దన్నాడట హాజ్. కొత్తవి రాయించాడట. నాలుగు పలకలే, మాటలే వేరట."

పాత మాటలైతే ఈయనకి నిద్రలో లేపినా వచ్చు. ఏ పలక ఏదో కాస్త పోల్చుకున్నా చాలు, చెవి ఆదుకుంటుందని లోపల్లోపల నాకు ఒక ధీమా ఉండేది.

"ఇలా ఇవ్వు, నేను ఒకసారి చూసి..." అంటూ చుట్ట అందుకోబోయాను.

ఆయన లాక్కున్నాడు. "నువ్వు చూడకూడదు. నీ మొహం చూస్తే నాకు తెలిసిపోతుంది. మంచిదేలే తామూ, పాతవి నా చెవిలో ఉన్నాయి. ఇవి లేవు. ఇవే కావాలి నాకు."

పన్నెండు రోజుల్లో పలకలు చెక్కాడు. అల్లాల్ లేడు కాబట్టి ఇద్దరి పనీ ఆయనదే. నేను అన్నం తీసుకుని పనిచోటుకి వెళితే ముందు పలకల మీద గోనె కప్పి ఆ తర్వాతే తలుపు తీసేవాడు. ఏం రాసుందో ఎవరినీ అడగలేదు, చదివింది ఎవరితోనూ పైకి అనలేదు. అయిదు పంక్తులు మాత్రం మానలేదు.

*

శుక్రవారం. నమాజు అయిపోయి, కుస్కుస్ పళ్ళేలు ఇంకా రాకముందు, హాజ్ తిహామీ ఇంట్లో మగవాళ్ళంతా నడవలోనూ వాకిట్లోనూ నిలబడ్డారు. ఆడవాళ్ళం పైన చెక్క జాలీ వెనక ఉన్నాం. వదిన ఒక చేత్తో జాలీ, ఒక చేత్తో నా మోచెయ్యి పట్టుకుంది. అల్లాల్‌ని తనే బతిమాలి రప్పించింది. వచ్చాడు కానీ వీధి గుమ్మంలోనే నిలబడిపోయాడు, చొక్కా నిండా సిమెంటు దుమ్ముతో.

గాడిద మీంచి దించినవాడు పలకల్ని వాకిట్లో కంబళి మీద తన ఇష్టం వచ్చినట్టు పరిచి వెళ్ళిపోయాడు. హాజ్ తిహామీ చేతికర్రతో వాటివైపు చూపించాడు.

"రా మాలెం. అన్నమాట ప్రకారం వరుస పెట్టి, చదివి వినిపించు. ఈసారి నా ఇంట్లో ఎవరికి విందో మాకు తెలియాలి కదా."

జనం గొల్లున నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. చెప్పులు విడిచి కంబళి ముందు గొంతుక్కూర్చున్నాడు.

పైనుంచి నాకు పలకలు తలకిందులుగా కనబడుతున్నాయి. అయినా ఒక్కొక్కటే పోల్చుకున్నాను. "ఏముందే అందులో? చెప్పవే" అంటోంది వదిన. "నేను చెప్పను, ఆయనే చెబుతాడు" అన్నాను.

ఆయన వేలు గాల్లో కదిలింది.

"ఈ... గడప... తొక్కిన వారికి." పలకని జరిపి, మా రాత మొదలయ్యే కుడి చివర పెట్టాడు. "ఇది ఒకటోది."

తర్వాతి పలక. "మా..." ఆగాడు. వేలు మళ్ళీ మొదటికి వచ్చింది. "మా... పె..." ఆగాడు.

నడవలో ఎవరో దగ్గారు. ఇంకెవరో "మాలెంకి కళ్ళజోడు తెచ్చివ్వండ్రా" అన్నారు. ఆయన మెడ మీద చెమట నాకు పైనుంచి కనబడుతోంది. వదిన గోళ్ళు నా చేతిలోకి దిగిపోయాయి. గుమ్మంలో అల్లాల్ ఒక అడుగు ముందుకి వేశాడు. వాడికి అక్కడి నుంచే కనబడుతోంది. నోరు తెరిచాడు.

"చెప్పకు అల్లాల్!" మా ఆయన తలెత్తకుండానే చెయ్యెత్తాడు. "ఈసారి నేనే."

వాడు నోరు మూసుకున్నాడు. నవ్వులు ఆగిపోయాయి. ఆయన వేలు మళ్ళీ ఆ వంపు వెంట నడిచింది, నింపాదిగా, ఉలి నడిచినట్టు.

"మా పెద... పెదవులు. మా పెదవులు మూత." పలకని జరిపి ఎడమ చివర పెట్టాడు. "ఇది ఆఖరుది. మధ్యవి రెండూ ఉన్నాయి చూశారా, ఇదేమో 'మా నీళ్ళు చల్లన', ఇదేమో 'ఈ గడపలో విన్న మాటకి'."

లేచి నిలబడి మోకాళ్ళు దులుపుకున్నాడు. ఈసారి కంబళి వైపు చూస్తూ ఒక్క ఊపులో చదివాడు.

"ఈ గడప తొక్కిన వారికి మా నీళ్ళు చల్లన. ఈ గడపలో విన్న మాటకి మా పెదవులు మూత."

ఒక్క తప్పు లేదు. నాకు గట్టిగా అరవాలనిపించింది. అరవలేదు, పక్కనున్న హాజ్ కోడలి భుజం పట్టుకుని నొక్కేశాను పాపం.

"బాగుంది, బాగుంది" అన్నాడు హాజ్. "ఎక్కించెయ్యి. కానీ మాలెం, నాలుగు ముక్కలకి ఇంతసేపా? మా మనవడు దీనికంటే గబగబా చదువుతాడు."

"మీ మనవడు ఎన్నాళ్ళుగా చదువుతున్నాడు హాజ్?"

"మూడేళ్ళు."

"నాది నెల రోజుల చదువు." ఆయన అందరివైపూ తిరిగాడు. "పోయినసారి పలకలు పెట్టేనాటికి నాకు అది కూడా లేదు. నలభై ఏళ్ళు అక్షరాలు చెక్కాను, చదవడం మాత్రం రాదు. ఆ పలకలు తారుమారుగా పెట్టింది నేను. అల్లాల్ ఆ రోజు ఊళ్ళోనే లేడు. నా పరువు కోసం వాడు తప్పు నెత్తినేసుకుంటే నేను నోరు మూసుకున్నాను. ఇదీ సంగతి."

హాజ్ చేతికర్ర మీద గడ్డం ఆనించి ఆయన్నే చూస్తున్నాడు. వదిన నా భుజం మీద తల వాల్చేసింది.

అల్లాల్ గుమ్మంలోంచే మాట్లాడాడు. గొంతు పెంచలేదు.

"ఇవాళ ఇది విన్నది ముప్పైమంది మామా. నా మీద నవ్వింది ఊరంతా."

"నిజమే" అన్నాడు మా ఆయన.

మళ్ళీ కంబళి ముందు కూర్చున్నాడు. సంచీలోంచి సన్న ఉలి తీసి ఆఖరి పలకని ఒళ్ళోకి లాక్కున్నాడు. ఏ మాలెం అయినా ఆఖరి పలక కింది మూల తన పేరు చెక్కుకుంటాడు, అందుకోసం వదిలిన జాగా అది. ఆ పేరుకి కూడా ఇన్నాళ్ళూ అల్లాల్ పొడిచిచ్చిన అచ్చు కాగితమే ఉండేది. ఇప్పుడు కాగితం లేదు, బొగ్గు చుక్కలు లేవు. ఉలి మొన నేరుగా గచ్చులో దిగింది.

నేను జాలీకి మొహం ఆనించి చూశాను. మా రాతలో బూశ్తా అన్న పేరుకి మొదటి అక్షరం కింద ఒక చుక్క ఉండాలి. ఆయన చుక్క పెట్టలేదు. చెక్కుతున్నది ఆ అక్షరమే కాదు.

"ఏం రాస్తున్నాడే?" అంది వదిన.

"నీ కొడుకు పేరు" అన్నాను.

హాజ్ ముందుకి వంగి చదివాడు. చేతికర్ర నేలకి తాటించాడు. "ఆగు మాలెం! మీ మామా అల్లుళ్ళ లెక్కలు ఇంటికెళ్ళి తేల్చుకోండి. అది నా గోడ."

"గోడ మీదే హాజ్. సంతకం నాది."

ఉలి ఆగలేదు. అల్లాల్ గుమ్మంలోంచి లోపలికీ రాలేదు, బయటికీ పోలేదు.